"కంప్లైంట్ పెట్టకండి, ఇంకో వారం ఆగండి" అంటున్నాడు. ఆగనా?

ప్రశ్న: ఒక పెద్ద ఆన్‌లైన్ వేలం సైటులో పాత ఫిల్మ్ కెమెరా కోసం పాట పాడాను. పాట నాకే ఖాయమైంది. కెమెరా డబ్బు సైటులోనే క్రెడిట్ కార్డుతో కట్టాను. ఆ తర్వాత సెల్లర్ మెసేజ్ పెట్టి, ఇన్సూరెన్సుతో పంపాలంటే అదనంగా ఖర్చవుతుందని, ఆ మొత్తం తన బ్యాంకు ఖాతాకు నేరుగా వేయమని అడిగాడు. వేశాను. సైటు చూపించిన చివరి డెలివరీ తేదీ దాటి మూడు వారాలు కావస్తోంది. మొదట కస్టమ్స్‌లో ఆగిందన్నాడు. తర్వాత వాళ్లమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారన్నాడు. పోయిన వారం ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అని కనిపించింది కానీ మా ఇంటికి ఏమీ రాలేదు. గట్టిగా అడిగితే, "సైటులో కంప్లైంట్ పెడితే నా అకౌంట్ ఆపేస్తారు, అప్పుడు మీకు రీఫండ్ ఇవ్వడం నా చేతిలో ఉండదు, ఇంకో వారం ఆగండి" అంటున్నాడు. పోయిన డబ్బు పోయినట్టే, మర్చిపొమ్మని మా అన్నయ్య అంటున్నాడు. వెంటనే బ్యాంకుకు చెప్పి డబ్బు వెనక్కి లాగేయమని స్నేహితురాలు అంటోంది. ఆ మనిషి నిజంగా కష్టాల్లో ఉంటే కంప్లైంట్ పెట్టి ఇంకా బాధపెట్టినదాన్ని అవుతానేమోనని నాకు ఒకటే టెన్షన్. అతనికి వందల మంచి రేటింగులు ఉన్నాయి, అందుకే నమ్మాను. ఏం చేయమంటారు?
(పేరు వద్దన్నారు)

జవాబు: ఆగకండి. ఇవాళే సైటులో 'వస్తువు అందలేదు' అని కేసు తెరవండి. ఈ జవాబు మీ కంట పడే లోపు గడువు దాటిపోతుందేమోనని ఈ ఒక్క ముక్క మీకు ముందే మెయిల్‌లో రాశాను. మిగతాది వివరంగా ఇక్కడ చెబుతాను. ఇలాంటి ఉత్తరాలు ఇంకా కొన్ని వచ్చాయి కాబట్టి వాళ్లకూ పనికొస్తుంది.

సెల్లర్ మిమ్మల్ని అడుగుతున్నది ఓపిక కాదు, గడువు. కొన్నవాళ్లకు రక్షణ ఇచ్చే ప్రతి ఏర్పాటుకూ ఒక చివరి తేదీ ఉంటుంది. ఈబే అనే వేలం సైటు సంగతే తీసుకుంటే, చివరి డెలివరీ తేదీ దాటిన 30 రోజుల్లోపు 'రాలేదు' అని చెప్పాలి. ఆ తర్వాత మీ మాట ఎంత నిజమైనా వినే కిటికీ మూసుకుంటుంది. ఆన్‌లైన్‌లో డబ్బు చెల్లించే సేవ పేపాల్‌లో డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజులు. కార్డు వివాదాలకు మామూలుగా 120 రోజులు, అవి లెక్కపెట్టేది సరుకు అందాల్సిన తేదీ నుంచి. ఒక్కోటి ఒక్కో తేదీ నుంచి మొదలవుతుందని గమనించండి. మీ సైటు నియమాల పేజీ తెరిచి, మీకు వర్తించే చివరి తేదీ ఏదో కాగితం మీద రాసుకోండి. 30 రోజుల నియమమే ఉన్నట్టయితే మూడు వారాలు పోగా మీకు మిగిలింది వారం పైచిలుకు. అతను అడిగింది సరిగ్గా ఒక వారం. ఆ వారం తర్వాత ఇంకో రెండు రోజులు అడుగుతాడు. ఇది యాదృచ్ఛికం అనుకోవడం నాకు కష్టంగా ఉంది.

ఇక మీ మొహమాటం సంగతి. దానిమీద నాకు గౌరవం ఉంది, కానీ ఇక్కడ అది అక్కర్లేదు. కేసు తెరవడమంటే ఎవరినీ దొంగ అనడం కాదు. "డబ్బు కట్టాను, వస్తువు రాలేదు" అనే రెండు వాస్తవాలు సైటుకు చెప్పడం, అంతే. ఆ రెండూ ఇప్పటికే నిజం. ఈబేలో కేసు తెరిచాక సెల్లర్‌కు జవాబివ్వడానికి 3 పనిదినాలు ఇస్తారు. నిజాయితీపరుడైతే ఆ మూడు రోజుల్లో పంపిన రసీదు చూపిస్తాడు, లేదా అక్కడే రీఫండ్ ఇచ్చేస్తాడు. కేసు ఉంటే రీఫండ్ ఇవ్వలేనన్నది శుద్ధ అబద్ధం. కేసు పేజీలోనే సెల్లర్‌కు రీఫండ్ ఇచ్చే వీలుంటుంది, అసలు ఆ పేజీ ఉన్నదే అందుకు. వాళ్లమ్మగారికి నిజంగానే బాగోలేకపోయినా మీకు డబ్బు వెనక్కి పంపడానికి ఫోనులో రెండు నిమిషాలు చాలు. మీకు అన్నేసి మెసేజ్‌లు పెట్టడానికి తీరిక ఉన్న మనిషికి ఆ రెండు నిమిషాలు లేవా?

కేసు తెరిచిన మర్నాడు అతని గొంతు మారుతుంది. "ఇవాళ సాయంత్రం డబ్బు పంపిస్తున్నాను, ముందు కేసు మూసేయండి" అంటాడు. మూయకండి. డబ్బు మీ ఖాతాలో పడినట్టు మీ కళ్లతో చూసేదాకా దాన్ని ముట్టుకోకండి. పేపాల్‌లోనైతే ఒకసారి మూసిన వివాదాన్ని మళ్లీ తెరవనివ్వరు. అక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. వివాదం తెరిచి ఊరుకుంటే సరిపోదు, 20 రోజుల్లోపు దాన్ని క్లెయిమ్‌గా మార్చాలి. మార్చకపోతే దానంతటదే మూతపడుతుంది. చాలామంది "కంప్లైంట్ పెట్టేశాం కదా" అని నిశ్చింతగా కూర్చుని ఇక్కడే నష్టపోతారు. వేలం సైట్లలోనూ ఇంతే: సెల్లర్‌కు ఇచ్చిన రోజులు అయిపోగానే 'ఇక మీరు జోక్యం చేసుకోండి' అని సైటును అడిగే బటన్ ఒకటి వస్తుంది. దాన్ని నొక్కాల్సింది మీరే.

మీ కేసులో అసలు చిక్కు ట్రాకింగ్. 'డెలివర్డ్' అని ఉంది కాబట్టి నా మాట ఎవరు నమ్ముతారని మీరు భయపడుతూ ఉంటారు. భయం సహజమే. ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే ఎదుర్కోవడం తేలిక.

సెల్లర్ సరుకు అందజేశాడని నిరూపించుకోవాలంటే సైట్లు సాధారణంగా అడిగేవి ట్రాకింగ్ నంబరు, 'డెలివర్డ్' అనే స్థితి, తేదీ, అందుకున్న చోటు. ఆ చోటు విషయంలో పూర్తి చిరునామా అక్కర్లేదు. ఈబే నియమాల ప్రకారం ఊరో, పోస్టల్ కోడో కలిస్తే సరిపోతుంది. ఈ సందులోంచే మోసగాళ్లు దూరతారు. మీ ఊళ్లోనే, మీ పోస్టల్ కోడ్‌లోనే ఎవరో ఒకరి చిరునామాకు ఖాళీ కవరు ఒకటి పంపుతారు. అది అక్కడ చేరుతుంది. దాని నంబరు తెచ్చి మీ ఆర్డరుకు తగిలిస్తారు. కంప్యూటర్ కంటికి అన్నీ సరిపోతాయి. మీకు జరిగింది ఇదే అని నేను ఖాయంగా చెప్పలేను. కానీ రకరకాల సాకులన్నీ అయ్యాక ఉన్నట్టుండి 'డెలివర్డ్' అని రావడం చూస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

కాబట్టి ముందుగా ఇరుగుపొరుగునీ, వాచ్‌మన్‌నీ, ఇంట్లో అందరినీ అడగండి. పార్సిల్ నిజంగానే పక్కింట్లో ఉండే అవకాశం లేకపోలేదు. కేసు నడుస్తుండగా అది బయటపడితే మీ మాటకు విలువ పోతుంది. తర్వాత ట్రాకింగ్ నంబరూ, మీ గుర్తింపు కార్డూ పట్టుకుని ఆ కొరియర్ ఆఫీసుకో పోస్టాఫీసుకో స్వయంగా వెళ్లండి. ఫోనులో ఇలాంటివి తేలవు. పార్సిల్ ఏ చిరునామాకు వెళ్లింది, ఎవరు సంతకం పెట్టారు, బరువెంత అని అడగండి. వేరేవాళ్ల చిరునామా చెప్పడం కుదరదనవచ్చు, అది వాళ్ల నియమం, దానికోసం గొడవ పడకండి. మీకు కావలసింది వేరేవాళ్ల చిరునామా కాదు. "ఈ నంబరు పార్సిల్ ఈ పేరుకు, ఈ చిరునామాకు వచ్చింది కాదు" అని ఒక్క వాక్యం, వాళ్ల ముద్రతోనో, వాళ్ల ఆఫీసు మెయిల్ నుంచో. అది దొరికితే సగం కేసు గెలిచినట్టే.

బరువు సంగతి చాలామందికి తట్టదు. అట్టపెట్టెలో సర్ది పంపిన ఫిల్మ్ కెమెరా కొన్ని వందల గ్రాములైనా తూగుతుంది. కొరియర్ రికార్డులో ఆ పార్సిల్ బరువు నలభై గ్రాములని ఉందనుకోండి, మీరు వేరే వాదనేమీ చేయనక్కర్లేదు. ట్రాకింగ్ పేజీలో బరువు కనిపిస్తుంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి. పార్సిల్ ఎక్కడి నుంచి బయల్దేరిందో కూడా చూడండి. సెల్లర్ ఒక దేశంలో ఉన్నానని చెప్పి, పార్సిల్ మీ పక్క ఊరి నుంచే బయల్దేరితే అదీ సాక్ష్యమే. ఖరీదైన వస్తువైతే ఇంకొకటి అడగాలి: సంతకం. ఈబేలో ఆర్డరు మొత్తం 750 డాలర్లు, అంతకు మించి ఉంటే అందుకున్నవాళ్ల సంతకం చూపించాల్సింది సెల్లరే. సంతకం లేకపోతే ఉత్త 'డెలివర్డ్' అన్న మాట అతన్ని కాపాడదు.

ఒక తేడా మాత్రం చెప్పాలి. పార్సిల్ నిజంగా మీ గుమ్మం దాకా వచ్చి, అక్కడి నుంచి ఎవరో ఎత్తుకెళ్లి ఉంటే అందులో సెల్లర్ తప్పు లేదని సైట్లు సాధారణంగా అంటాయి. అప్పుడు అది పోలీసు ఫిర్యాదు, కొరియర్ వాళ్లతో తేల్చుకోవాల్సిన వ్యవహారం. అందుకే చిరునామా విషయం ముందు తేల్చమంటున్నాను.

కేసు తెరిచేటప్పుడు రకం సరిగ్గా ఎంచుకోండి. ఏమీ రాలేదు కాబట్టి మీది 'వస్తువు అందలేదు'. రేపో మాపో పెట్టె వచ్చి అందులో కెమెరా బదులు రాయో, బొమ్మో ఉంటే అప్పుడది 'చెప్పినట్టు లేదు' అవుతుంది. రెండింటికీ రుజువులు వేరు, దారి వేరు. ఇప్పటి నుంచి ఆ సెల్లర్ పేరు మీద ఏ పార్సిల్ వచ్చినా, సీలు తీయకముందు నుంచి లోపలి వస్తువు బయటికి వచ్చేదాకా ఆపకుండా వీడియో తీయండి.

రుజువుల విషయంలో మీ పని తక్కువే, కానీ ఇవాళే చేయాలి. వేలం పేజీని వస్తువు నంబరు, ఫొటోలు, వర్ణన, సెల్లర్ ఐడీ, చివరి డెలివరీ తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోండి. పాత పేజీలు కొన్నాళ్లకు మాయమవుతాయి. డబ్బు కట్టిన రసీదు, కార్డు స్టేట్‌మెంటులో ఆ వరుస, అతనితో నడిచిన మెసేజ్‌లన్నీ కూడా తీసిపెట్టండి. ఫోనులోనో, బయటి యాప్‌లోనో మాట్లాడుకున్నవి ఉంటే వాటి సారాంశం సైటు మెసేజ్‌లోనే అతనికి రాసి పంపండి: "నిన్న ఫోనులో మీరు ఇలా అన్నారు, అవునా?" అని. అతను ఒప్పుకున్నా, మౌనంగా ఉన్నా అది సైటు వాళ్ల కంటి ముందు ఉంటుంది. ఇకమీదట అతనితో సైటు బయట ఒక్క ముక్క మాట్లాడకండి.

కేసులో ఏం రాయాలని చాలామంది తల బద్దలు కొట్టుకుంటారు. పొడుగ్గా రాసి, కోపం కలిపి, తిట్లు చేర్చి పంపుతారు. అవతల చదివే ఉద్యోగి రోజుకు ఎన్ని కేసులు చూస్తాడో ఊహించుకోండి. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన ఈ వస్తువు వేలంలో గెలిచి, అదే రోజు సైటు ద్వారా కార్డుతో డబ్బు చెల్లించాను. చివరి డెలివరీ తేదీ ఫలానా. ఇంతవరకు వస్తువు అందలేదు. ట్రాకింగ్‌లో డెలివర్డ్ అని ఉన్నా ఆ పార్సిల్ నా చిరునామాకు రాలేదు, కొరియర్ సంస్థ ఇచ్చిన ధ్రువీకరణ జతచేశాను. నాకు వస్తువు ఇక వద్దు, పూర్తి రీఫండ్ కావాలి."

అయిదు వాక్యాలు. ఆస్పత్రి కథ, మీ నిద్రలేమి, అతని మీద మీ అభిప్రాయం ఇందులో అక్కర్లేదు. కొరియర్ కాగితం ఇంకా చేతికి రాలేదని కేసు ఆపకండి. కాగితం తర్వాత జతచేయవచ్చు, గడువును వెనక్కి తీసుకురాలేం.

ఇప్పుడు మీ స్నేహితురాలి సలహా. ఆమె చెప్పింది తప్పు కాదు, వరస తప్పు. కార్డు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి తీసుకునే పద్ధతిని చార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటిలోనూ 'సరుకు అందలేదు' అన్నది ఒప్పుకునే కారణమే. వీసా నియమాల్లో దానికి 13.1 అని సొంత నంబరు కూడా ఉంది. అయితే సైటులోనూ బ్యాంకులోనూ ఒకేసారి ఫిర్యాదు చేస్తే, బ్యాంకు వ్యవహారం మొదలైందని తెలియగానే సైటు తన కేసును మూసేస్తుంది. ఈబే, పేపాల్ రెండూ అంతే. అంటే మీకున్న రెండు అవకాశాల్లో ఒకదాన్ని మీ చేత్తో మీరే పారేసుకున్నట్టు. సైటు కేసు రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో తేలుతుంది. చార్జ్‌బ్యాక్ నెలలు పట్టవచ్చు. అందుకని ముందు సైటు, అది కాదంటే బ్యాంకు. ఈలోగా బ్యాంకుకు ఫోన్ చేసి "ఈ లావాదేవీ మీద వివాదం వేయడానికి నాకు చివరి తేదీ ఏది?" అని మాత్రం అడిగి రాసుకోండి. కార్డు సంస్థ 120 రోజులన్నా మీ బ్యాంకు తన పనికోసం ఇంకా ముందే ఇవ్వమనవచ్చు. సైటు కేసు ఆ తేదీ దాకా సాగేలా ఉంటే ఇక ఆగకుండా బ్యాంకుకు వెళ్లిపోండి.

బ్యాంకులో మాట్లాడేటప్పుడు ఒక్క విషయంలో జాగ్రత్త. అవతలి మనిషి "ఈ లావాదేవీ మీరు చేసింది కాదా?" అని అడుగుతాడు. కంగారులో "మోసం సార్, మోసం" అనేస్తే దాన్ని కార్డు దొంగతనం కింద రాసుకుంటాడు. కార్డు బ్లాక్ అవుతుంది. నాలుగు వారాల తర్వాత "ఓటీపీ కొట్టింది మీరే కదా" అని కేసు కొట్టేస్తారు. మీరు అనాల్సింది ఇది: "లావాదేవీ నేనే చేశాను. సరుకు అందలేదు." వాళ్లు సాధారణంగా అడిగేవి ఆర్డరు వివరాలు, సరుకు రావాల్సిన తేదీ, సెల్లర్‌తో తేల్చుకోవడానికి మీరు ప్రయత్నించిన రుజువు. సైటు కేసు కాగితాలు సరిగ్గా అందుకే పనికొస్తాయి. కొన్ని బ్యాంకులు విచారణ నడుస్తుండగానే డబ్బు తాత్కాలికంగా ఖాతాలో వేస్తాయి. అది గెలిచినట్టు కాదు. అవతలి పక్షం రుజువులు చూపిస్తే మళ్లీ తీసేసుకుంటారు, కాబట్టి దాన్ని ఖర్చు పెట్టకండి. అలాగే కోపంతో మొత్తం కార్డు బిల్లు కట్టడం మానేయకండి. వివాదంలో ఉన్న మొత్తం వరకు ఆపవచ్చా అని అడగండి. అమెరికాలో ఉన్న పాఠకులకు 1974 నాటి చట్టం ఒకటి ఈ హక్కు ఇస్తుంది, కానీ ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి. డెబిట్ కార్డుకూ చార్జ్‌బ్యాక్ ఉంటుంది. తేడా ఏమిటంటే విచారణ జరిగినన్నాళ్లూ ఖాళీ అయ్యేది మీ ఖాతా.

ఇంతవరకు చెప్పింది కెమెరా డబ్బు గురించి. నేరుగా బ్యాంకు ఖాతాకు వేసిన అదనపు మొత్తం సంగతి వేరు, దాని గురించి మీకు తియ్యటి కబుర్లు చెప్పను. అది సైటు హామీ కిందికి రాదు, కార్డు నియమాల కిందికీ రాదు. మీరే మీ ఖాతాలోంచి పంపారు కాబట్టి బ్యాంకు దృష్టిలో అది మీరు ఒప్పుకుని చేసిన చెల్లింపు. అయినా ఊరుకోవద్దు. మీ బ్యాంకు ఫ్రాడ్ విభాగానికి ఫోన్ చేసి, డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం ఇవ్వమనండి. ఇలాంటివి పంపిన కొన్ని గంటల్లో చెబితే ఆపే అవకాశం బాగా ఉంటుంది, వారాల తర్వాత చాలా తగ్గిపోతుంది, ఎందుకంటే డబ్బు ఆ ఖాతాలో నిలవదు. ఇండియాలో అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. అమెరికాలో ఎఫ్‌బీఐ నడిపే ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3 ఉంది, డబ్బు కట్టాక సరుకు పంపని కేసులకు దాని లెక్కల్లో ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి ఇలా మోసపోయి పంపిన దేశీయ బదిలీలకు బ్యాంకులే పరిహారం ఇవ్వాలని నియమం వచ్చింది, విదేశాలకు పంపినవాటికి అది వర్తించదు. పోలీసు ఫిర్యాదు వల్ల రేపే డబ్బు రాదు. కానీ ఫిర్యాదు నంబరు ఉంటే బ్యాంకు మీ మాటను వేరేగా వింటుంది.

ఆ అదనపు డబ్బు అడిగిన మెసేజ్‌ను సైటు కేసులో తప్పకుండా జతచేయండి. సైటు బయట డబ్బు కట్టమనడం చాలా సైట్లలో నియమాల ఉల్లంఘన, అతని నిజాయితీ ఎంతో అది చెబుతుంది. బయట కట్టానని తెలిస్తే నాకే చెడ్డ పేరని దాచకండి. కానీ రీఫండ్ మొత్తంలో దాన్ని కలిపి అడగవద్దు. సైటు ద్వారా కట్టినది ఎంతో అంతే అడగండి. లెక్క తేడా వస్తే ఉన్న కేసు కూడా బలహీనపడుతుంది.

ఉత్తరాలు రాసిన మిగతావారిలో ఒకరు పేపాల్‌లో 'స్నేహితులు, కుటుంబం' పద్ధతిలో పంపారట, ఫీజు కలిసొస్తుందని సెల్లర్ చెబితే. ఆ పద్ధతికి కొనుగోలు రక్షణ లేదు, అందుకే అతను దాన్ని అడిగాడు. గిఫ్ట్ కార్డు నంబర్లు పంపినవాళ్లు ఆ కార్డు ఇచ్చిన సంస్థకు రసీదుతో వెంటనే ఫోన్ చేయాలి, ఇంకా వాడకపోతే ఆపగలరు. క్రిప్టో వెళ్లిందంటే దాదాపు వెళ్లినట్టే. అయినా కాగితాలు పారేయకండి. వెస్టర్న్ యూనియన్ ద్వారా మోసగాళ్లకు డబ్బు పంపినవాళ్లంతా ఒకప్పుడు ఆశ వదులుకున్నారు. 2017లో ఆ సంస్థ అమెరికా ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చి 58.6 కోట్ల డాలర్లు కట్టింది, 2020 నుంచి బాధితులకు అందులోంచి డబ్బు చేరడం మొదలైంది.

సెల్లర్‌కు వందల మంచి రేటింగులు ఉన్నాయని, అందుకే నమ్మానని మీరు ఉత్తరం చివర్లో రాశారు. ఆ రేటింగులు ఎప్పటివో, దేనికి వచ్చాయో చూడండి. ఏళ్ల తరబడి పుస్తకాలు, బొత్తాలు అమ్మిన ఖాతా ఉన్నట్టుండి ఖరీదైన కెమెరాలు అమ్మడం మొదలుపెడితే, ఆ ఖాతాను ఎవరో హ్యాక్ చేసి ఉండవచ్చు. అప్పుడు పేజీ మీద కనిపించే పేరు, ఊరు ఒక అమాయకుడివి. అందుకే అతని వివరాలు సోషల్ మీడియాలో పెట్టి బజారుకు ఈడ్చవద్దు. కింద ఈ మధ్య వచ్చిన రేటింగుల్లో మీలాంటి ఫిర్యాదులు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి కేసుకు జతచేయండి. మీ సొంత రేటింగు మాత్రం కేసు తేలాకే ఇవ్వండి, అయితే దానికీ గడువుంటుంది, ఈబేలో 60 రోజులు. "రీఫండ్ ఇవ్వకపోతే చెడ్డ రేటింగ్ ఇస్తా" అని మెసేజ్ పెట్టారో, నియమం తప్పినవాళ్లు మీరవుతారు.

ఇంకో ప్రమాదం రాబోతోంది, ముందే చెబుతున్నాను. మీరు మోసపోయారని ఎక్కడైనా రాసుకున్నారంటే, "పోయిన డబ్బు తెప్పిస్తాం" అంటూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. లాయరంటారు, సైబర్ నిపుణుడంటారు, సైటు రీఫండ్ విభాగం అంటారు. ముందుగా కొంత ఫీజు కట్టమనో, ఓటీపీ చెప్పమనో, యాప్ ఒకటి ఎక్కించుకోమనో అడుగుతారు. మీకు డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన అవసరం, ఓటీపీ చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. అసలు సైటు నుంచి ఏ కబురైనా సైటులోకి లాగిన్ అయితే అక్కడ కనిపించాలి. కనిపించకపోతే అది వాళ్లది కాదు.

సైటు మీకు వ్యతిరేకంగా తీర్పు ఇస్తే? మొదటి తీర్పు చాలాసార్లు ఆ 'డెలివర్డ్' అన్న మాట చూసి యాంత్రికంగా వస్తుంది, కంగారు పడకండి. ఈబేలో కేసు మూసిన 30 రోజుల్లోపు కొత్త రుజువుతో అప్పీల్ చేయవచ్చు. కొరియర్ కాగితం ఆలస్యంగా దొరికినా ఇక్కడ పనికొస్తుంది. అదీ కాదంటే బ్యాంకు, మీరు రాసుకున్న తేదీ లోపల. కోర్టు అన్నది సెల్లర్ మీ దేశంలోనే ఉండి, అసలు పేరూ చిరునామా తెలిసినప్పుడు ఆలోచించాల్సిన మాట. లేకపోతే నోటీసు ఎవరికి పంపుతారు? మీ అన్నయ్య మాటకు వస్తే, అదనంగా పంపిన డబ్బు విషయంలో ఆయన అన్నదే నిజం కావచ్చు. కెమెరా డబ్బు విషయంలో మాత్రం ఆయనతో నేను ఏకీభవించను. సైటులో, కార్డుతో కట్టారు, గడువులో ఉన్నారు. తిరిగి రావడానికి మంచి అవకాశమే ఉంది.

చివరగా, ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: రీఫండ్ వచ్చాక ఎప్పుడో కెమెరా నిజంగానే ఇంటికి వస్తే? అలా కూడా జరుగుతుంది, కస్టమ్స్‌లో ఇరుక్కున్నవి నెలల తర్వాత తేలుతుంటాయి. వస్తే వీడియో తీసి తెరవండి, సైటులో సెల్లర్‌కు మెసేజ్ పెట్టి, కెమెరా ఉంచుకుంటే డబ్బు మళ్లీ సైటు ద్వారానే కట్టండి. వద్దనుకుంటే తిరుగు ఖర్చు అతను పెట్టుకున్నాకే వెనక్కి పంపండి.